కాన్పు గుర్తులు, 5వ పాఠం: మొదలు నుంచి మొదలుకి

ఈ వారం ఉమ్మనీరు గురించి రాయాలి. నాలుగో పాఠం చదివి మీరు పంపిన కాగితాలు చూశాక దాన్ని వచ్చే వారానికి జరిపాను.

పోయినసారి నొప్పులు వస్తే టైము రాసుకోమన్నాను. రాశారు. కొందరైతే స్కేలు పెట్టి గళ్లు గీసి మరీ రాశారు. కానీ సగానికి పైగా కాగితాల్లో లెక్క తప్పింది. తప్పు మీది కాదు, నాది. "నొప్పికీ నొప్పికీ మధ్య ఎంతసేపో చూడండి" అని రాశాను. మధ్య అంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఒకటి తగ్గిపోయాక ఇంకొకటి వచ్చేదాకా ఉన్న ఖాళీ అనుకుంటారు. లేబర్ రూమ్‌లో ముప్పై ఏళ్లు ఆ మాట అనీ వినీ, బయటివాళ్లకి అది ఎలా వినిపిస్తుందో నాకు తట్టలేదు.

కాబట్టి ఆ "మధ్య" అనే మాట కొట్టేయండి. మొదలు నుంచి మొదలుకి చూడాలి. ఒక నొప్పి మొదలైన టైము, తర్వాతి నొప్పి మొదలైన టైము. ఆ రెండింటికీ ఉన్న తేడాయే మనకి కావలసింది.

ఒకావిడ కాగితం చూద్దాం. నొప్పి 10:02కి మొదలై 10:03కి తగ్గింది. తర్వాతిది 10:08కి మొదలై 10:09కి తగ్గింది. ఆ తర్వాతది 10:14కి వచ్చింది. ఆవిడ పక్కన "5, 5" అని రాసుకున్నారు. 10:03 నుంచి 10:08కి ఐదు, 10:09 నుంచి 10:14కి ఐదు. మొదలు నుంచి మొదలుకి చూస్తే 10:02 నుంచి 10:08, అంటే ఆరు. మళ్లీ ఆరు.

"ఒక్క నిమిషం తేడాకి ఇంత గొడవ ఎందుకండీ?" అని వాళ్ల ఆయన అడిగారు. గొడవ నిమిషం గురించి కాదు. ఇంకో ఉదాహరణ చూడండి. సాయంత్రం ఆరింటికి నొప్పి ఎనిమిది నిమిషాలకోసారి వస్తోంది, అర నిమిషం ఉంటోంది. ఖాళీ ఏడున్నర నిమిషాలు. రాత్రి తొమ్మిదింటికి కూడా ఎనిమిది నిమిషాలకోసారే వస్తోంది, కానీ ఇప్పుడు నిమిషంన్నర ఉంటోంది. ఖాళీ ఆరున్నరకి వచ్చింది. ఖాళీని మాత్రమే రాసుకునే మనిషికి నొప్పులు దగ్గరపడుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి దగ్గరపడలేదు, ఒక్కోటి పొడుగు అవుతోంది. ఈ రెండూ వేరు వేరు సంగతులు. ఖాళీని కొలిస్తే రెండూ కలిసిపోయి ఒక్క అంకె మిగులుతుంది. ఆ అంకె ఫోన్‌లో చెబితే అవతలి నర్సుకి ఏమీ అర్థం కాదు.

ఆసుపత్రిలో మేము వేసే పార్టోగ్రాఫ్ అనే చార్టులో కూడా ఖాళీకి చోటు ఉండదు. పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వచ్చాయో అన్ని గళ్లు నింపుతాం. నొప్పి 20 సెకన్ల లోపే ఉంటే గడిలో చుక్కలు పెడతాం, 20 నుంచి 40 సెకన్లయితే ఏటవాలు గీతలు గీస్తాం, 40 దాటితే గడి మొత్తం నల్లగా నింపేస్తాం. ఎన్ని, ఎంతసేపు. అంతే.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టిన కాగితం. ఆమెకిది రెండో కాన్పు. రాత్రి నొప్పులు మొదలైన టైములు ఇలా రాసుకుంది: 1:10, 1:28, 1:43, 2:00, 2:12, 2:25, 2:34, 2:44, 2:52, 2:58, 3:03, 3:08. కింద లెక్క వేసింది. "రెండు గంటల్లో 12 నొప్పులు, అంటే పది నిమిషాలకొకటి. ఇంకా టైముంది." సరిగ్గా మొదలు నుంచి మొదలుకే రాసింది, మెచ్చుకోవాలి. కానీ సగటు తీసింది. మొదటి రెండింటికీ తేడా 18 నిమిషాలు, చివరి రెండింటికీ 5. సగటు పది అని ఆమె కూర్చుంది, నొప్పులు మాత్రం ఐదులో ఉన్నాయి. ఆటో ఆసుపత్రి గేటు దాటుతుండగా బిడ్డ పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఉత్తరం చివర నవ్వు బొమ్మ కూడా వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సగటు తీయకండి. పై నుంచి కిందికి చదవండి, చివరి నాలుగింటిని చూడండి. పైవాటితో పోలిస్తే దగ్గరయ్యాయా, పొడుగయ్యాయా, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేంత గట్టిగా వస్తున్నాయా అన్నదే ప్రశ్న.

ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి కదా అని చాలామంది అడిగారు. ఉన్నాయి, వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. నాకు మాత్రం గోడ గడియారం, పాత కేలండర్ కాగితం వెనకవైపు, దారం కట్టిన పెన్సిల్ ఇష్టం. ఫోన్ చార్జింగ్ అయిపోతుంది. ఆ రాత్రే మేనత్త ఫోన్ చేస్తుంది. కాగితమైతే ఆసుపత్రిలో నర్సు చేతిలో పెట్టేయవచ్చు.

మొదలు అంటే ఏ క్షణం అని కూడా అడిగారు. నొప్పి అనిపించిన క్షణం కాదు. చేతికి తెలిసిన క్షణం. అరచెయ్యి బొడ్డుకి పైన ఆనించి పెట్టండి, నొక్కకండి. గర్భసంచి వదులుగా ఉన్నప్పుడు బుగ్గని తాకినట్టు ఉంటుంది. బిగుసుకుంటే నుదురు తాకినట్టు ఉంటుంది. బుగ్గ నుదురుగా మారడం మొదలైనప్పుడు టైము రాయండి, మళ్లీ బుగ్గలా అయినప్పుడు ఇంకోసారి రాయండి. చాలాసార్లు నొప్పి తెలియకముందే చేతికి తెలుస్తుంది. నడుములోనే నొప్పి వచ్చేవాళ్లు కొందరు ఉంటారు. "కడుపులో ఏమీ లేదు, నడుం లాగుతోంది అంతే" అంటారు. వాళ్లకి ఈ చెయ్యి తప్ప దారి లేదు.

ఇక దొంగ నొప్పులు. కడుపు బిగుస్తుంది, కానీ ఒక వరుస ఉండదు. ఇరవై నిమిషాలకి ఒకటి, తర్వాత ఎనిమిదికి, తర్వాత నలభై నిమిషాలు ఏమీ ఉండదు. వీటికి బ్రాక్స్‌టన్ హిక్స్ అని పేరు. 1872లో వీటి గురించి రాసిన ఇంగ్లండు డాక్టరు పేరు అది. నొప్పి మనది, పేరు ఆయనది! నీళ్లు తక్కువ తాగిన రోజు, ఎక్కువసేపు నిలబడిన రోజు, మూత్రం ఆపుకున్నప్పుడు ఇవి ఎక్కువవుతాయి. పెళ్లిళ్ల సీజన్‌లో నాకు ఫోన్లు పెరిగేది ఇందుకే.

మా అమ్మమ్మ జీలకర్ర కషాయం కాచి ఇచ్చేది. "దొంగవైతే పోతాయి, అసలువైతే పెరుగుతాయి" అనేది. జీలకర్రలో మహిమ ఉందో లేదో నేను వాదించను. ఒక గ్లాసుడు వేడి నీళ్లు కడుపులో పడ్డాయి, మనిషి అరగంట కూర్చుంది, అందరూ ఆగి చూశారు. నేను చెప్పేదీ దాదాపు అదే. మూత్రానికి వెళ్లి రండి, రెండు గ్లాసుల నీళ్లు తాగండి, ఎడమ పక్కకి తిరిగి గంట పడుకోండి. నిలబడి ఉంటే పడుకోండి, పడుకుని ఉంటే కాసేపు నడవండి. పనో భంగిమో మార్చగానే సద్దుమణిగితే దొంగవే. ఏం చేసినా ఆగకుండా వరసగా పెరిగితే అసలువి. ఆముదం మాత్రం తాగవద్దు, తాగించవద్దు. విరేచనాలై ఒంట్లో నీరు పోయి నీరసించిన మనిషి నొప్పులు ఎలా పడుతుంది?

ఎప్పుడు బయలుదేరాలి అన్నదానికి మామూలుగా చెప్పే లెక్క మొదటి కాన్పు వాళ్లది. ఐదు నిమిషాలకోసారి వస్తూ, ఒక్కోటి నిమిషం పాటు ఉంటూ, గంటసేపు అలాగే సాగితే బయలుదేరాలి. రెండో కాన్పు, మూడో కాన్పు వాళ్లు అంతదాకా ఆగవద్దు. పది నిమిషాలకోసారి వరసగా వస్తున్నాయంటే చాలు. ఊరు దూరమైనా అంతే, వాగు దాటాలన్నా అంతే. సాలూరులో గర్భిణుల వసతి గృహం పెట్టింది అందుకే. కొండ మీది ఊళ్లవాళ్లు నొప్పులు రాకముందే వచ్చి అక్కడ ఉంటారు, ఇంట్లో కూర్చుని లెక్కపెట్టే పని ఉండదు. వర్జ్యం వెళ్లాక బయలుదేరదాం అనే అత్తగారు ఉంటే, మంచి టైములో గడప దాటి పక్కింట్లో కూర్చోమని చెప్పడం నా పాత చిట్కా. నొప్పులు రాకముందే చేయాలి సుమా.

అసలు లెక్కే పెట్టకూడని సందర్భాలు ఉన్నాయి. ఇది పోయినసారి చివర్లో రెండు లైన్లలో రాశాను, చాలామంది చదవలేదు. 37 వారాలు నిండకముందు కడుపు వరసగా బిగుసుకుంటే, నెలసరి నొప్పిలా పొత్తికడుపు లాగుతుంటే, కింద బరువుగా నొక్కినట్టుంటే, తెల్లబట్ట ఉన్నట్టుండి నీళ్లలా మారితే, కాగితం పెన్సిల్ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవాళ్లని చాలామందిని చూశాను. 34 వారాల లోపు కాన్పు వచ్చేట్టుంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇస్తారు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు. అవి పనిచేయడానికి వ్యవధి కావాలి. మీరు ఇంట్లో గడిపిన ప్రతి గంటా అందులోంచే పోతుంది.

నెలలు నిండినా సరే, ఎర్రటి రక్తం పోతుంటే వెళ్లాలి. కడుపు రాయిలా బిగుసుకుని మళ్లీ వదులు కాకపోతే వెళ్లాలి. తలనొప్పి తగ్గకుండా ఉండి కళ్లు మసకబారితే వెళ్లాలి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా టైము చూసుకుని వెళ్లాలి, నీరు ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో ఉంటే ఇంకా త్వరగా. మొదటిది ఆపరేషన్ అయినవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు, బిడ్డ అడ్డంగానో ఎదురుకాళ్లతోనో ఉందనీ, మాయ కిందికి ఉందనీ స్కానింగ్‌లో తేలినవాళ్లు నొప్పి మొదలవగానే వెళ్లాలి. ఐదు నిమిషాల లెక్క వాళ్లది కాదు.

గర్భసంచి మూతికి అడ్డంగా ఉండే జిగురు తెగి లేత గులాబీ రంగులోనో కాస్త రక్తపు చారతోనో పడితే కంగారు లేదు. కాన్పు ఆ రోజే కావచ్చు, కొన్ని రోజులు పట్టవచ్చు. కడుపు కిందికి జారడం, ఊపిరి తేలికవడం కూడా అంతే. వీటి గురించి ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

ఒక్కటి మాత్రం రాయకుండా ఉండలేను. "కాన్పు ముందు బిడ్డ తిరగడం తగ్గిపోతుందండీ, చోటు ఉండదు కదా" అని ఈసారి కూడా రాశారు. మళ్లీ చెబుతున్నాను, తగ్గకూడదు. కదలిక తీరు మారవచ్చు, తన్నులు కాస్తా దొర్లినట్టు అనిపించవచ్చు. కానీ రోజూ ఉండే కదలిక తగ్గితే అది కాన్పు గుర్తు కాదు, బిడ్డకి ఇబ్బందిగా ఉందనే గుర్తు కావచ్చు. తెల్లారనివ్వకండి.

ఈ వారం అభ్యాసం పెద్దదే. 36 వారాలు దాటినవాళ్లు మూడు సాయంత్రాలు, ఏడు నుంచి తొమ్మిది దాకా, కడుపు బిగుసుకున్న ప్రతిసారీ మొదలు, చివర రాయండి. అదే టైముకి ఇంట్లో ఇంకొకరు కూడా చెయ్యి ఆనించి విడిగా వేరే కాగితం మీద రాయాలి. భర్త అయితే మంచిది, కబుర్లు తక్కువ చెప్పే మనిషైతే ఇంకా మంచిది. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క బిగుతు కూడా రాలేదంటే ఆ సాయంత్రం ఖాళీ కాగితమే పంపండి, అదీ జవాబే. మరీ వరసగా వస్తుంటే అది అభ్యాసం కాదని గుర్తుపెట్టుకోండి.

రెండోది భర్తకో అన్నదమ్ములకో. గర్భిణి ఇంట్లోనే ఉంటుంది. ఒక రాత్రి రెండింటికి లేచి, మీరు ఏ బండి మీద వెళ్లాలనుకుంటున్నారో దాని మీదే ఆసుపత్రి గేటుదాకా వెళ్లి రావాలి. ఆటో అయితే అప్పుడు పిలిస్తే వస్తాడో రాడో ముందే అతన్నే అడగండి. రైల్వే గేటు ఎన్ని నిమిషాలు వేసి ఉందో, ఆసుపత్రిలో రాత్రిపూట ఏ తలుపు తెరిచి ఉంటుందో రాసుకుని రావాలి. మా ఊళ్లలో 2005 తర్వాత 108 వచ్చింది కానీ, అంతకుముందు ట్రాక్టర్ తొట్టిలో గడ్డి పరిచి తీసుకొచ్చేవాళ్లు. వాళ్లకి మాత్రం ఏ గుంత ఎక్కడుందో తెలుసు. 108ని నమ్ముకునేవాళ్లు మీ ఇంటికి దారి ఎలా చెప్పాలో రెండు వాక్యాల్లో రాసి ఫోన్ దగ్గర అంటించండి. గుడి పక్కన అనకండి, ఊళ్లో గుళ్లు నాలుగుంటాయి.

కాగితాలు శనివారం లోపు పంపండి. ఎక్కడా "మధ్య" అని రాయవద్దు.