ముందు ఉత్తరాల డబ్బా మీద పేరు రాయించండి

"అన్నా, ఆఫీసువాళ్లు పంపిన కాగితం వెనక్కి వెళ్లిపోయిందట. ఇప్పుడేం చేయాలి?"

పోయిన నెల ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పదేళ్లు ఉండి, భార్యాపిల్లలతో ఇక్కడికి, ఫ్రాన్స్‌కి వచ్చి మాకు అరగంట దూరంలో ఇల్లు కొనుక్కున్నాడు. నేను ఒక్కటే అడిగాను: "డబ్బా మీద నీ పేరుందా?" అవతల కాసేపు చప్పుడు లేదు. "పాత ఓనర్ పేరుంది అన్నా. ఇత్తడి పలక, బాగుంది కదా అని ఉంచేశాం."

ఒళ్లు మండింది. ఇల్లు చూడటానికి వచ్చిన రోజున చెప్పాను, సామాన్లు దించిన రోజున మళ్లీ చెప్పాను. రెండుసార్లూ సరే అన్నాడు. గట్టిగా తిట్టేవాణ్నే, కానీ మూడేళ్ల కిందట మేమూ అచ్చం ఇదే పని చేసి ఏడాది పాటు అవస్థ పడ్డాం. అందుకే ఇది రాస్తున్నాను. బ్రిటన్‌లో చాలాకాలం ఉండి, ఆ పాస్‌పోర్టుతో ఫ్రాన్స్ పల్లెటూళ్లకి రావాలనుకునే మనవాళ్లు ఒకళ్లిద్దరు నాకు తరచూ ఫోన్ చేస్తుంటారు. అందరూ ఇల్లు, వీసా, పిల్లల బడి గురించే అడుగుతారు. డబ్బా గురించి ఎవరూ అడగరు.

వీసా సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. 2021 జనవరి 1 నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టుకి కూడా వీసా లేకుండా ఇక్కడ ఉండనిచ్చేది 180 రోజుల్లో 90 రోజులే. అంతకు మించి ఉండాలంటే లాంగ్ స్టే వీసా కావాలి, వచ్చిన మూడు నెలల్లోపు దాన్ని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవాలి. లండన్‌లో వీసా కోసం ఫైలు పట్టుకుని కూర్చున్నప్పుడు మా ఆవిడ "పాతికేళ్ల కింద చెన్నైలో కూర్చున్నట్టే ఉంది" అంది. మిగతా వివరాలు మీరే చదువుకోగలరు.

మేం 2022 అక్టోబరులో వచ్చాం. షరాంత్ జిల్లాలో, కోన్‌ఫోలాన్ దగ్గర పదకొండు ఇళ్లున్న పల్లె. రాతి ఇల్లు, ముందు చెస్ట్‌నట్ చెట్టు, రోడ్డు వారన గోడలో పాత ఇనప డబ్బా. దాని మీద మాకు ఇల్లు అమ్మినవాళ్ల పేరు. రోడ్డుకి ఇంకే ఇల్లూ ఆనుకుని లేదు, మా ఉత్తరం మాకు రాక ఎక్కడికి పోతుంది అనుకున్నాం.

ఇక్కడ స్థిరంగా మూడు నెలలు ఉంటే ప్రభుత్వ ఆరోగ్య బీమాకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. జనవరిలో ఇద్దరికీ పెట్టాం. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. నా పేరున ఒక ఉత్తరం వచ్చింది, మా ఆవిడకి ఏమీ రాలేదు. ఈలోగా మంచు మీద జారి ఆమె మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు, బాగానే చూశారు. కానీ బీమా కార్డు లేదు కాబట్టి ప్రతిచోటా ముందు మేమే డబ్బు కట్టి, తర్వాత ఆ డబ్బు అడగడానికి గోధుమ రంగు కాగితం ఒకటి తెచ్చుకుని దాచుకోవడం. ఆ కాగితాలు బియ్యం డబ్బా మూత కింద పెట్టేవాళ్లం, పోకుండా ఉంటాయని. ఏప్రిల్‌కి పద్నాలుగు అయ్యాయి.

చివరికి ఒకరోజు పొద్దున పదకొండింటికి వానలో రోడ్డు మీద నిలబడి, ఉత్తరాలు తెచ్చే ఆవిడ పసుపు వ్యాను ఆపాను. నాకు వచ్చిన ఫ్రెంచ్ ముక్కల్లో మా బాధ చెప్పుకున్నాను. ఆవిడ నా వంక చూసి, పక్క సీటు మీది పెట్టెలోంచి ఒక కవరు తీసి, దాని మీది పేరు వేలితో చూపించింది. "ఈవిడెవరు? ఈ పల్లెలో ఈ పేరుతో ఎవరూ లేరు. ఇప్పటికి రెండు వెనక్కి పంపాను."

అది మా ఆవిడ పుట్టింటి ఇంటిపేరు.

ఇది కాస్త నిదానంగా చదవండి, అసలు సంగతంతా ఇక్కడే ఉంది. బ్రిటన్‌లో పెళ్లయ్యాక ఆడవాళ్ల పేరు మారిందంటే బ్యాంకులో, పాస్‌పోర్టులో, డాక్టరు దగ్గర అంతటా మారిపోతుంది. ఫ్రాన్స్‌లో అలా కుదరదు. పుట్టినప్పటి పేరే చచ్చేదాకా అసలు పేరు. విప్లవం నాటి 1794 చట్టం నుంచీ ఇదే పద్ధతి. భర్త ఇంటిపేరు వాడుకోవచ్చు, కానీ అది వాడుక పేరు మాత్రమే. ఆఫీసువాళ్లు జనన ధ్రువపత్రం చూసి, అందులో ఉన్న పేరుతో ఉత్తరం రాసేస్తారు. ఇంగ్లీషు ఆడవాళ్లకీ ఇదే తికమక. ముప్పై, నలభై ఏళ్లుగా ఎవరూ పిలవని పేరుతో ఉత్తరం వస్తే వాళ్లూ బిత్తరపోతారు.

ఇక డబ్బా మీద ఆ పేరు లేకపోతే, ఉత్తరం మీద "ఈ చిరునామాలో ఈ మనిషి తెలియదు" అని గుర్తు పెట్టి పంపినవాళ్లకి తిప్పేస్తారు. మాకు ఎవరూ అన్యాయం చేయలేదు. మా పేర్లు మేం రాసుకోలేదు, అంతే.

కాబట్టి తాళాలు చేతికొచ్చిన రోజే, సోఫా ఎక్కడ వేయాలో తేల్చుకోకముందే, ఒక పలక చేయించండి. మీ ఇంటిపేరు, మీ ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, ఆమె పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు, పెద్దవాళ్లు మీతో ఉంటే వాళ్లవి కూడా. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇంగ్లండ్‌లో మనం తిరగేసుకున్నాం గానీ ఇక్కడి ఆఫీసు కాగితాల్లో మన పద్ధతే. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి, కుదించవద్దు. మన ఇంటిపేర్లు పొడవైనవి, పలక పెద్దదే తీసుకోండి. అది అయ్యేదాకా అట్టముక్క మీద మార్కరుతో రాసి, ప్లాస్టిక్ కవరు తొడిగి అంటించినా చాలు. చెక్కతో చేయించుకుందాం, పండక్కి పెడదాం అని ఆగొద్దు.

డబ్బా మరీ చిన్నదైతే మార్చేయండి. ఇక్కడి కొలత 26 సెంటీమీటర్ల ఎత్తు, 26 వెడల్పు, 34 లోతు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఇస్తారు. రోడ్డు వారనే ఉండాలి, గేటు లోపల కాదు.

చిరునామా కూడా చూసుకోండి. పల్లెల్లో మొన్నటిదాకా ఇళ్లకి నంబర్లుండేవి కావు, పల్లె పేరు రాస్తే సరిపోయేది. 2022లో వచ్చిన చట్టంతో చిన్న ఊళ్లు కూడా ప్రతి దారికీ పేరు, ప్రతి ఇంటికీ నంబరు పెట్టాల్సి వచ్చింది. మేం వచ్చిన మరుసటి ఏడు మా ఇల్లు 640 అయింది. ఆరువందల నలభై ఇళ్లు ఎక్కడున్నాయని వెతక్కండి. దారి మొదలైన చోటు నుంచి మా ఇంటికి 640 మీటర్లు, అదీ లెక్క. మీరు కొనే ఇంటి కాగితాల్లో పాత చిరునామా ఉంటే మేరీకి వెళ్లి కొత్తది రాయించుకోండి. మేరీ అంటే మన పంచాయతీ ఆఫీసు లాంటిది. మా ఊళ్లో వారానికి రెండు పూటలే తెరుస్తారు. మొదటి వారంలోనే వెళ్లి, మేం ఫలానా, ఫలానా ఇంట్లో దిగాం అని చెప్పుకోండి. అక్కడి సెక్రెటరీకి మీ ముఖం తెలిస్తే సగం పనులు నడుస్తాయి.

కరెంటు బిల్లు మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ వేయించండి. ఇక్కడ ఏ పనికైనా మూడు నెలల్లోపు బిల్లు అడుగుతారు, మీరు ఆ ఇంట్లో ఉంటున్నారనడానికి అదే సాక్ష్యం. బిల్లు నా ఒక్కడి పేరున ఉండటంతో మా ఆవిడ ఈ ఇంట్లోనే ఉంటోందని నేను వేరే కాగితం రాసి సంతకం పెట్టాల్సి వచ్చింది. కాపురం చేస్తున్న మనిషికి!

రెకమాండే అని ఒకటుంది, రిజిస్టర్డ్ ఉత్తరం. మీరు ఇంట్లో లేకపోతే చీటీ వేసి వెళ్తారు, పోస్టాఫీసులో 15 రోజులు ఉంచుతారు, తర్వాత వెనక్కి. మనం హైదరాబాదో విజయవాడో వెళ్తే నెల లోపు తిరిగి రాం కదా. వెళ్లేముందు పోస్టాఫీసులో పొరుగువాళ్ల పేరున అధికారపత్రం రాసిచ్చి వెళ్లండి, మీ బదులు వాళ్లు తీసుకుంటారు. సంక్రాంతికని వెళ్లి ఆ చీటీ సంగతి ఫిబ్రవరిలో చూసుకున్నవాళ్లని నేనెరుగుదును.

మిగతావి కూడా ఉన్నాయి. భారతదేశంలో పుట్టినవాళ్లయితే జనన ధ్రువపత్రం మీద అపోస్టిల్ (పత్రం అసలుదేనని విదేశాల కోసం ప్రభుత్వం వేసే ముద్ర) వేయించుకుని, ఇక్కడి కోర్టు గుర్తించిన అనువాదకుడితో ఫ్రెంచ్‌లోకి మార్పించండి. తల్లిదండ్రుల పేర్లు అందులో ఉండాలి. ఈ పని బ్రిటన్‌లో ఉండగానే మొదలుపెట్టండి. మే నెలలో పన్ను లెక్కలు ఇచ్చేటప్పుడు విదేశీ బ్యాంకు ఖాతాలన్నీ చెప్పాలి. బ్రిటన్‌వే అనుకుని, ఇండియా బ్యాంకుల్లో మనకుండే ప్రవాస ఖాతాలు ఎన్‌ఆర్ఈ, ఎన్‌ఆర్ఓలు మర్చిపోతారు. చెప్పని ఖాతాకి 1,500 యూరోల జరిమానా. డ్రైవింగ్ లైసెన్సు 2021కి ముందు బ్రిటన్‌లో ఇచ్చిందైతే దాని గడువు దగ్గరపడేదాకా నడుస్తుంది, ఆ తర్వాతదైతే ఏడాదిలోపు మార్చుకోవాలి. ఊళ్లో కుడివైపు సందులోంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి, బోర్డేమీ లేకపోయినా సరే. ఇది మాత్రం మర్చిపోవద్దు, ప్రాణం మీదికొస్తుంది. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేటగాళ్లు తిరుగుతుంటారు, అడవి దారుల్లో నడవాలంటే నారింజ రంగు కోటు వేసుకోండి. పొయ్యి కట్టెలు వేసవిలోనే కొనండి, రెండేళ్లు ఆరినవని అడిగి మరీ.

డాక్టరు దొరకడం కష్టం. మీ ఊళ్లో కొత్తవాళ్లని చేర్చుకునే డాక్టరు లేకపోతే చుట్టుపక్కల ఊళ్లన్నీ అడగాలి, సిగ్గుపడొద్దు. డాక్టరు ఫీజు 30 యూరోలు. కార్డు వచ్చి, మీ డాక్టరు ఫలానా అని నమోదైతే అందులో 19 వెనక్కి వస్తాయి. కార్డు రావాలంటే ఉత్తరం రావాలి. ఉత్తరం రావాలంటే డబ్బా మీద పేరుండాలి. మళ్లీ అదే చెబుతున్నానని విసుక్కోకండి.

మనుషుల విషయానికొస్తే, నోరు తెరిచే ముందు బోంజూర్. రొట్టెల కొట్లో, మేరీలో, డాక్టరు దగ్గర కూర్చున్న ముక్కూముఖం తెలియనివాళ్లకి కూడా. అది చెప్పకుండా పని అడిగితే నొచ్చుకుంటారు. "మీరు"కి వూ, "నువ్వు"కి త్యూ. ఈ తేడా ఇంగ్లీషువాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకుంటారు, మనకి ఉగ్గుపాలతో వచ్చింది. ఎవరిని మీరు అనాలో మన నాలుకకి తెలుసు, దాన్నే నమ్ముకోండి. పన్నెండు నుంచి రెండు దాకా భోజనం వేళ, ఎవరి తలుపూ తట్టొద్దు.

తిండి గురించి ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ బెంగపడతారు. బ్రిటన్ నుంచి నెయ్యి తేకూడదు, పాల పదార్థాలు, మాంసం ఇక్కడికి రానివ్వరు. కానీ షరాంత్ వెన్నకి ఫ్రాన్స్ అంతటా పేరుంది. ఉప్పు లేనిది కొని కాచుకోండి, ఇల్లంతా మన ఇల్లయిపోతుంది. మొదటి వసంతంలో పక్కింటి పెద్దావిడ, ఎనభై దాటినావిడ, గోడ మీదుగా ఒక కట్ట ఆకుకూర ఇచ్చింది. పేరు ఓజేయ్ అంది. మా ఆవిడ కట్టు ఉన్న చేత్తోనే ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని, ఏమీ మాట్లాడకుండా నాకొకటి ఇచ్చింది. పుల్లగా, అచ్చం చుక్కకూర. నిజంగానే అదే జాతి మొక్క. ఆ రాత్రి పప్పులో వేసుకున్నాం. మర్నాడు గిన్నెలో కొంచెం ఆవిడకీ ఇచ్చాం, గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు.

ఇంత కసిరాను కాబట్టి ఇదీ చెప్పాలి. మీకూ కుదురుతుంది. మాకు కుదిరింది. సెప్టెంబరులో మా ఆవిడ కార్డు వచ్చింది, పుట్టింటి పేరుతో. బియ్యం డబ్బా మూత కింది కాగితాలు పంపించాం, రావలసిన డబ్బు వచ్చింది. ఇప్పుడు రెకమాండే ఉంటే వ్యాను ఆవిడ రెండుసార్లు హారన్ కొట్టి ఆగుతుంది, మేం తోటలో ఉన్నామేమోనని.

తమ్ముడికీ అదే చెప్పాను. వెనక్కి పోయిన కాగితం మళ్లీ పంపమని అడుగు, పంపుతారు, కొంప మునగలేదు. ఈ శనివారం అటువైపు వస్తున్నాను, డ్రిల్లు తెస్తాను. మరదలి పుట్టింటి పేరు స్పెల్లింగు ఆ లోపల నాకు మెసేజ్ పెట్టు.