ఇంటి అక్వేరియంలో స్టింగ్‌రే: నమోదుకు దరఖాస్తు విధానం

దుకాణం తొట్టిలో పళ్లెమంత స్టింగ్‌రే ఇసుక కప్పుకుని కళ్లు మాత్రం పైకి పెట్టి కనిపిస్తే ఎవరికైనా ముచ్చటే. మన తీరంలో టేకు చేప అనే దానికి ఇది మంచినీటి చుట్టం, పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగండి: దీని శాస్త్రీయ నామం ఏమిటి?

నమోదు అంతా ఆ పేరు మీదే ఆధారపడి ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, నాలుగో షెడ్యూలులోని (అంటే సైట్స్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం జాబితాల నుంచి తీసుకున్న) జీవులను ప్రాణంతో ఉంచుకున్నవారు వివరాలు తెలిపి నమోదు చేయించుకోవాలి. 2024 ఫిబ్రవరి 28 నాటి నియమాలు పాతవారికి ఇచ్చిన ఆరు నెలల గడువు ఎప్పుడో ముగిసింది. కొత్తగా తెచ్చుకున్నవారికి 30 రోజుల సమయం ఉంది. నల్లటి ఒంటి మీద తెల్లని చుక్కలుండే లియోపోల్డి సహా ఏడు రకాలను 2022 నవంబరులో పనామాలో జరిగిన సైట్స్ సమావేశం రెండో అనుబంధంలో, అంటే అనుమతితోనే దేశాల మధ్య వాణిజ్యం జరగాల్సిన జాబితాలో చేర్చింది. షెడ్యూలులో మీ చేప పేరు సరిచూసుకోండి. సందేహముంటే అటవీ శాఖను రాతపూర్వకంగా అడగండి.

దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ 2.0 పోర్టల్‌లోనే చేయాలి. అది మీ రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి చేరుతుంది. గుర్తింపు, చిరునామా పత్రాలు, కొనుగోలు బిల్లు, దిగుమతి చేప అయితే సైట్స్ అనుమతి నకలు ముందే స్కాన్ చేసి ఉంచుకోండి. బిల్లు మీద "చేప ఒకటి" అని రాసిస్తే ఒప్పుకోవద్దు, శాస్త్రీయ నామం రాయించండి. ఇక్కడే ఎక్కువమంది చిక్కుకుంటారు.

ఫొటో నేరుగా పైనుంచి తీయాలి. ఒంటి మీది చుక్కల అమరికే దాని గుర్తు, పక్కనుంచి తీస్తే అది కనిపించదు. మగదో ఆడదో చెప్పడం తేలికే: తోక మొదట్లో, రెక్కల పక్కన వేళ్లలాంటి జంట అవయవాలుంటే మగది. చూడటానికి చేయి మాత్రం పెట్టకండి, తోక మీది ముల్లులో విషం ఉంటుంది. తొట్టి గోడకు దగ్గరగా వచ్చినప్పుడు అద్దం గుండా చూస్తే చాలు.

నమోదు పత్రం వచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. చేపను మరొకరికి ఇచ్చినా, అది చనిపోయినా పోర్టల్‌లో తెలపాలి. స్టింగ్‌రే గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. పుట్టిన ప్రతి పిల్ల వివరమూ ఇవ్వాలి. పెంచడం కష్టమైతే చెరువులోనో కాలువలోనో వదలకండి, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికే రాయండి.