హీట్ పంప్ నీళ్లు సరిగా కాగడం లేదా? మిషను విప్పే ముందు ఇవి చూడండి

మారతహళ్లిలో ఒక పెద్దావిడ నన్ను పిలిపించారు. గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే హీట్ పంప్ పెట్టించి నెల కూడా కాలేదు. "మిషను పాడైపోయినట్టుంది బాబూ, రోజూ తెల్లారేసరికి మేడంతా నీళ్లే" అన్నారు. మిషను బాగానే ఉంది. లోపం దాని పక్కన బిగించని సామానులో ఉంది. బెంగళూరు ఇళ్లలో నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

సేఫ్టీ వాల్వ్ నుంచి నీళ్లు కారుతున్నాయి

ట్యాంకులో ప్రెషర్ హద్దు దాటితే నీళ్లు బయటికి వదిలేది ఈ వాల్వే. ఎప్పుడు కారుతున్నాయో ముందు గమనించండి. నీళ్లు కాగుతున్నప్పుడే కారితే కారణం వ్యాకోచం. 200 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగితే దాదాపు 2.8 లీటర్లు పెరుగుతాయి. మిద్దె మీది ట్యాంకు నుంచి నేరుగా నీళ్లు దిగే ఇంట్లో ఆ పెరిగిన నీళ్లు వచ్చిన దారినే వెనక్కి పోతాయి. ప్రెషర్ పంపు పెట్టి, దాని వెంట నీళ్లను ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ బిగించగానే ఆ దారి మూసుకుపోతుంది. ఇక నీళ్లకు సేఫ్టీ వాల్వ్ ఒక్కటే దిక్కు.

దీనికి మందు, పెరిగిన నీళ్లకు చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. చల్లనీళ్ల లైనులో, నాన్ రిటర్న్ వాల్వ్‌కూ హీట్ పంప్ ట్యాంకుకూ మధ్య పెట్టాలి. లైను ప్రెషర్ 2 బార్, సేఫ్టీ వాల్వ్ తెరుచుకునే ప్రెషర్ 6 బార్ ఉన్న ఇంట్లో పై లెక్కకు 8 లీటర్లది చాలు. దానికి కారు టైరుకు ఉన్నట్టే చిన్న గాలి వాల్వ్ ఉంటుంది. లైనులో ప్రెషర్ పూర్తిగా తీసేసి, టైర్ గేజ్‌తో చూసి, లోపలి గాలిని చల్లనీళ్ల లైను ప్రెషర్‌కు సమానం చేయాలి. ఆ వాల్వ్ పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్లు చిమ్మాయంటే లోపలి రబ్బరు తిత్తి చిరిగినట్టే.

నీళ్లు కాగకపోయినా చుక్కలు ఆగకపోతే వాల్వ్ సీటులో ఇసుక రేణువు ఇరుక్కుని ఉండవచ్చు. లీవర్‌ను రెండుమూడుసార్లు ఎత్తి వదలండి. అప్పటికీ ఆగకపోతే వాల్వ్ మార్చండి. ఒక ఇంట్లో కారడం ఆగాలని సేఫ్టీ వాల్వ్ మూతికి టెఫ్లాన్ టేపు చుట్టి ప్లగ్ బిగించి ఉండటం చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, చేయనివ్వకండి. థర్మోస్టాట్ పనిచేయని రోజున ఆ ట్యాంకు పేలిపోవచ్చు.

ట్యాంకు 55 డిగ్రీలు చూపిస్తోంది, కుళాయిలో గోరువెచ్చగా వస్తున్నాయి

చల్లనీళ్లు ప్రెషర్ పంపు మీదుగా, వేడినీళ్లు మిద్దె ట్యాంకు ఎత్తు మీదే ఆధారపడి వచ్చే ఇళ్లలో ఇది మామూలు. 3 మీటర్ల ఎత్తు ఇచ్చేది 0.3 బార్ మాత్రమే. పంపు బలంతో వచ్చే చల్లనీళ్లు మిక్సర్ కుళాయిలో వేడి లైనును వెనక్కి తోసేస్తాయి. హీట్ పంప్‌కు వెళ్లే చల్లనీళ్ల వాల్వ్ కట్టేసి, వేడి కుళాయి ఒక్కటే తిప్పి చూడండి. పైపులో మిగిలిన నీళ్లు పోయాక ధార ఆగిపోవాలి. ఆగకపోతే ఇంట్లో ఏదో ఒక మిక్సర్‌లో చల్లనీళ్లు వేడి లైనులోకి దాటుతున్నాయి.

రెండు లైన్లూ ఒకే పంపు నుంచి తీసుకోవడమే సరైన పరిష్కారం. అయితే ట్యాంకు ఎంత ప్రెషర్ తట్టుకుంటుందో దాని ప్లేటు మీద చదివాకే ఆ మార్పు చేయండి. అది కుదరకపోతే మిక్సర్ల వెనక నాన్ రిటర్న్ వాల్వ్‌లు పెట్టాలి.

వేడినీళ్లు వస్తున్నాయి కానీ ఆలస్యమవుతున్నాయంటే పైపు పొడవు చూడండి. ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు 20 మీటర్లు ఉంటే అందులోనే 5 లీటర్లు నిలబడి చల్లారుతాయి. మేడ మీది భాగానికైనా ఇన్సులేషన్ తొడిగి, ఎండకు చెడిపోకుండా పైన కవరు చుట్టించండి.

ఫ్లో ఎర్రర్ చూపి ఆగిపోతోంది

మిషను గుండా నీళ్లు చాలినంత పారడం లేదని దీని అర్థం. బోరు నీళ్ల ఇళ్లలో మొదటి అనుమానం, నీళ్లలోని చెత్తను ఆపే స్ట్రెయినర్ మీదే. జాలీ విప్పి కడగండి. దాని మీది బాణం నీళ్లు పోయే వైపే ఉందా చూడండి. అది శుభ్రంగా ఉన్నా ఎర్రర్ వస్తే, మిషను గుండా నీళ్లు తిప్పే సర్క్యులేషన్ పంపులో గాలి ఇరుక్కుందేమో చూడాలి. ఆ తర్వాతి అనుమానం ఉప్పుగార. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని భారతీయ ప్రమాణం. మీ బోరు నీళ్లు అంతకు మించితే, నీళ్లకు వేడి అందించే హీట్ ఎక్స్ఛేంజర్‌లో గార పట్టక మానదు. సిట్రిక్ యాసిడ్ ద్రావణం తిప్పి కడిగితే కరుగుతుంది. స్ట్రెయినర్‌కు రెండువైపులా బాల్ వాల్వ్‌లు అడిగి మరీ పెట్టించుకోండి. లేకపోతే ప్రతిసారీ కాచిన నీళ్లు పారబోయాల్సిందే.

యూనిట్ కింద నీళ్లు, చుట్టూ చలిగాలి

కింద నీళ్లు గాలిలోని తేమే. డ్రెయిన్ పైపుకు వాలు ఉంటే చాలు. చలిగాలి సంగతి వేరు. వంటింటి పక్క యుటిలిటీ మూలలో, గోడకు ఆనించి పెట్టిన యూనిట్ తాను వదిలిన చల్లగాలినే మళ్లీ పీలుస్తుంది. 15 డిగ్రీల డిసెంబరు ఉదయాన దానికి అందేది అంతకన్నా చల్లటి గాలి. నీళ్లు కాగడానికి గంటలు పడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. యూనిట్‌ను బయటికి జరపండి, లేదా వదిలే గాలి బయటికి పోయేలా డక్టు పెట్టించండి.