తుడిచిన నెలకే పిస్తోలుకు మళ్లీ తుప్పు: బీరువా ఉన్న గది చూశారా?

పాత సైనిక పిస్తోలు తెచ్చినవాళ్లు నా బల్ల దగ్గర చెప్పే మాట ఎప్పుడూ ఒకటే. "పోయిన నెలలోనే శుభ్రంగా తుడిచి నూనె రాశామండీ, మళ్లీ వచ్చేసింది." ఏ నూనె వాడారో చెబుతారు, ఎంతసేపు రుద్దారో చెబుతారు. అది ఇంట్లో ఎక్కడ ఉంటుందో మాత్రం అడిగితే గాని చెప్పరు. డెల్టాలో నేను చూసిన తుప్పుల్లో చాలావాటికి కారణం ఆ చెప్పని మాటలోనే దొరికింది.

ఖాళీదో కాదో చూసుకోవడం, పిడి చెక్కలు ఊడదీయడం తెలిసినవాళ్లకే ఇది. కాగితాలు లేని ఆయుధమైతే తుప్పు సంగతి తర్వాత, ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధానికి 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అయితే మీ తాతగారి పిస్తోలు ఆ కోవలోకి వస్తుందో రాదో తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు.

ఎర్రగా, మెత్తగా, వేలికి అంటుకునేదే తుప్పు. నల్లగా, గట్టిగా, నున్నగా ఉన్నది వందేళ్ల వయసు తెచ్చిన రంగు. దాని జోలికి వెళ్లకండి. గరుకు కాగితంతో తళతళలాడించి తెచ్చిన పిస్తోలును చూసి నేను మెచ్చుకోలేను. ముద్రలూ అంకెలూ అరిగిపోయాక సేకరించేవాడికి అందులో మిగిలేది ఇనుమే. ఇప్పుడు తుప్పు ఎక్కడ మొదలైందో చూడండి.

ఒక పక్కనే తుప్పు, ఇత్తడి మీద పచ్చటి మైనం. తోలు ఒర పని. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది, పదును చేసినప్పటి ఆమ్లాలూ అందులోనే ఉంటాయి. తోలుకు పట్టించిన కొవ్వు ఇత్తడి రివెట్లతో కలిసి పచ్చటి జిగురుగా పొంగుతుంది. 1915లో వచ్చిన వెబ్లీ మార్క్ 6 లాంటి రివాల్వర్‌కు అసలు ఒర కూడా దొరికితే అదృష్టమే. కానీ రెండింటినీ పక్కపక్కన విడివిడిగా పెట్టండి, ఒకదానిలో ఒకటి వద్దు.

పిడి చెక్క అంచున ఎర్ర గీత. చెక్క ఊడదీయండి. పైన కనిపించే గీతకు పదింతల తుప్పు కింద ఉంటుంది. అందరూ వదిలేసే చోటు ఇదే. రెండు మరలు విప్పడానికి బద్ధకం.

గొట్టం లోపల మాత్రమే. పాత సైనిక తూటాల అడుగున నిప్పు రాజేసే మందులో (ప్రైమర్) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలేది ఒక రకం ఉప్పు. దాన్ని నూనె కరిగించలేదు, వేడి నీళ్లు కరిగిస్తాయి. పాతకాలం నల్ల తుపాకిమందు మసి కూడా అంతే. ముందు నీళ్లు, ఆరాక నూనె.

అంతటా చెమట పట్టినట్టు ఎర్ర చుక్కలు, నూనె కింద నుంచే. నన్ను ఏడాది పాటు తిప్పలు పెట్టింది ఇదే.

భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఒక ఆసామి కంపెనీ కాలం నాటి పిస్తోలు తెచ్చారు. మూతి నుంచి మందు దట్టించే రకం. లాక్ ప్లేటు, అంటే పేల్చే యంత్రాంగం బిగించిన పక్క రేకు, దాని మీద కిరీటం పట్టుకున్న సింహం ముద్ర. గొట్టంలో పాత మందు మసి ఉందనుకుని వేడి నీళ్లతో కడిగాను, ఆరబెట్టాను, నూనె రాసి పంపాను. నలభై రోజులకు తిరిగి వచ్చింది. రెండోసారి తప్పు కర్ర మడమ మీద వేశాను, చెక్క తేమ పట్టిందని. మూడోసారి ఆయనే, "మీ నూనె మంచిది కాదేమోనండీ" అన్నారు. కోపం వచ్చింది గానీ, ఆ కోపంలోనే వాళ్ల ఇంటికి బయలుదేరాను.

బీరువా గొళ్లెం మీద చెయ్యి వేయగానే అరచేతికి ఎర్రపొడి అంటింది. కొత్త బీరువా. తలుపు బందులు, కిటికీ ఊచలు, గోడకు తగిలించిన కత్తెర, అన్నీ అదే రంగు. వంటింట్లో కత్తిపీట మాత్రం శుభ్రంగా ఉంది. బీరువా వెనక మూల తాటాకు చాప కప్పిన బస్తాలు. "అవేమిటండీ?" అంటే, "చెరువు మందులండీ" అన్నారు. రొయ్య పిల్లలు వదిలేముందు చెరువు నీళ్లు శుద్ధి చేసే బ్లీచింగ్ పౌడరు. రోజూ ఆ గదిలో తిరిగేవాళ్ల ముక్కుకు ఆ వాసన తెలియదు. గుమ్మం దాటగానే నాకు గొంతులో గరగర మొదలైంది.

తడి గాలి తగిలిన బ్లీచింగ్ పౌడరు క్లోరిన్‌ను నెమ్మదిగా వదులుతూనే ఉంటుంది. అది ఇనుముతో కలిసి క్లోరైడ్ అవుతుంది. ఆ క్లోరైడ్‌కు గాలిలోని నీటిని లాక్కునే గుణం ఉంది. అందుకే చుక్కలు చెమటలా కనిపిస్తాయి. పైపైన తుడిస్తే గుంటల అడుగున ఉన్నది అక్కడే ఉండి మళ్లీ పని మొదలుపెడుతుంది. ఇత్తడి చూస్తే తేడా తెలిసిపోతుంది: తోలు వల్లయితే పచ్చటి జిగురు, ఇక్కడ లేత పచ్చటి పొడి. మొదటి రోజే ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇత్తడి కమ్మీ మీద ఆ పొడి ఉంది. చింతపండుతో తోమబోయి మానేశారట. దాన్ని చూసి కూడా నేను ఆలోచించలేదు.

చెరువులు లేనివాళ్లు నవ్వుకోనక్కర్లేదు. వరద తగ్గాక ఇంటి చుట్టూ చల్లేసి మిగిల్చిన బ్లీచింగ్ పౌడరు డబ్బా, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసా కూడా ఇదే పని చేస్తాయి.

అనుమానం ఉంటే మూడు ఇనుప మేకులు తీసుకోండి. జింకు పూత లేనివి. గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, సబ్బుతో జిడ్డు కడిగి, ఆరబెట్టి, ఇక చేత్తో ముట్టుకోకుండా దారం కట్టండి. ఒకటి బీరువాలో, ఒకటి వేరే గదిలో, ఒకటి సిలికా జెల్ వేసిన గాజు సీసాలో. వారం ఆగండి. ఆయన బీరువాలోని మేకు నాలుగో రోజుకే గోధుమరంగు తిరిగింది. వేరే గదిలోది అక్కడక్కడ మసకబారింది, సీసాలోది పెట్టినట్టే ఉంది.

పరిష్కారంలో వరస ముఖ్యం. మొదట బస్తాలు ఇంట్లోంచి బయటికి. అవి అక్కడ ఉండగా పిస్తోలును ఎంత తోమినా వృథా. తర్వాత కర్రను పూర్తిగా వేరు చేసి, ఇనుప భాగాలను వేడి డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట నానబెట్టి, నీళ్లు మార్చి, మళ్లీ నానబెట్టాలి. ఐదారు విడతలు. పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ దుకాణాల్లో దొరికే బ్యాటరీ నీళ్లు ఇవే. యాసిడ్ కలిపినవి కావని సీసా మీద చదివి తీసుకోండి. బోరు నీళ్లు వద్దు. తీరంలో బోరు నీళ్లలోనే ఉప్పు ఉంటుంది. క్లోరైడ్ పోయిందో లేదో తెలియాలంటే, ఆఖరి విడత నీళ్లు కొంచెం విడిగా తీసి అందులో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేయండి, తెల్లగా మసకబారకూడదు. మసకబారితే ఇంకో విడత. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, ఆ గంటలోనే పలచగా నూనె, దాని మీద మిగిలిన తుప్పుకు సన్నటి స్టీల్ ఊలు. నూనె తుడిచేశాక మైక్రోక్రిస్టలైన్ మైనం. మ్యూజియంలు వాడేది అదే. ఉంచేది గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలో, సిలికా జెల్‌తో. రంగు మారిన జెల్‌ను వేడి చేసి ఆరబెట్టాలి. ఏడాదిగా రంగు మారిపోయి ఉన్న జెల్ ఆ పెట్టెలో ఉన్నా లేనట్టే.

కొబ్బరినూనె గురించి కోనసీమవాళ్లు తప్పక అడుగుతారు కాబట్టి: వద్దు. తేమ తగిలితే పాడై ఆమ్లం పుడుతుంది. డిసెంబరు ఉదయం నెయ్యిలా పేరుకుని హ్యామర్ బిగుసుకుపోతుంది. స్ప్రింగు విరిగిందని పట్టుకొచ్చిన పిస్తోలును నేను ఎండలో పెట్టి బాగుచేశాను. మజూరీ తీసుకోలేదు.

పెట్టె చెక్క ఆవిరి, వేలిముద్రలు, ఉక్కులో లోపం, ఇలాంటివి కూడా చెబుతుంటారు. వేలిముద్రలకు చేతి తొడుగులు చాలు. మిగతా రెండూ ఇన్నేళ్లలో నాకు ఒకటి రెండుసార్లకు మించి తగల్లేదు. నాకు ఫోను చేసే ముందు మేకులు కట్టండి, వారం తర్వాత మాట్లాడదాం.