పాత జీపు హెడ్ కొనేముందు గ్యాస్కెట్ చేతిలో పెట్టుకోండి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పాత జీపు హెడ్ కోసం తిరిగేవాళ్లకు ఒక మాట. హెడ్ అంటే ఇంజన్ సిలిండర్లను పైనుంచి మూసే భాగం, సిలిండర్లుండే కింది భాగం బ్లాకు. జీపులు చేసిన అమెరికా కంపెనీ విల్లీస్ పాత ఎల్-హెడ్ ఇంజన్, దాని తర్వాత వచ్చిన ఎఫ్-హెడ్ ఇంజన్, రెండిటి సైజూ 134 ఘనపు అంగుళాలే. బోరు (సిలిండర్ వెడల్పు), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా ఒకటే. అందుకే "హెడ్ మార్చేస్తే చాలన్నా, పవర్ పెరుగుతుంది" అని ఎవరో ఒకరు చెప్తారు. నమ్మకండి. ఎల్-హెడ్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి, పైన హెడ్ ఉత్త మూత. ఎఫ్-హెడ్‌లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లోకి వెళ్లాయి, ఎగ్జాస్ట్‌వి మాత్రం బ్లాకులోనే మిగిలాయి. కాబట్టి బ్లాకుతో సహా మార్చాల్సిందే. అప్పుడు కూడా బానెట్ పడదు! ఈ ఎత్తు ఇంజన్ కోసమే కదా 1953లో సీజే-3బి అనే జీపు మోడల్‌కి బానెట్ లేపింది.

ఒకే రకం హెడ్ దొరికినా మీ బండి పాత గ్యాస్కెట్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య పెట్టే పల్చటి రేకు) తీసుకెళ్లి దాని మీద పరిచి చూడండి. బోల్టు రంధ్రాలు కలిస్తే చాలదు, నీళ్ల దారులు కూడా కలవాలి. తర్వాత హెడ్ అడుగున, ఎఫ్-హెడ్ అయితే వాల్వులు కూర్చునే సీట్ల చుట్టూ కూడా, కిరసనాయిలు పూసి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే కాసేపటికి ఆ గీత తడిగా బయటపడుతుంది. షాపువాడు "టైమ్ లేదు సార్" అంటే ఆ హెడ్ అక్కడే వదిలేయండి. నేనలా మొహమాటపడి ఒకసారి పగిలినది ఇంటికి మోసుకొచ్చాను, ఇప్పుడది మా గేటుకి అడ్డంగా పడుంది.