హెచ్. పైలోరి టెస్టు నెగటివ్, కడుపు మంట మాత్రం అలాగే: ముందు ఆ గ్యాస్ గోలి సంగతి తేల్చండి

మా ల్యాబ్ కౌంటర్ దగ్గరికి రెండు రకాల మనుషులు వస్తుంటారు. ఒకరికి రిపోర్టు నెగటివ్, మంట తగ్గదు. ఇంకొకరికి పాజిటివ్ వచ్చి, కోర్సు మొత్తం మింగినా మంట తగ్గదు. శ్వాస పరీక్ష చేసే గదిలో ఉండేది నేను కాబట్టి ఇద్దరి కోపమూ నా మీదే. హెచ్. పైలోరి అంటే కడుపులో కాపురముండి మంట, అల్సర్ (పుండు) తెచ్చే బ్యాక్టీరియా, మిగతాది మీ డాక్టరు చెప్పే ఉంటారు. ఎక్కడ తేడా కొడుతుందో నేను చెబుతాను.

దానికంటే ముందు ఒక మాట. మలం తారులా నల్లగా వస్తున్నా, వాంతిలో రక్తం కనిపించినా, మింగుడు పడకపోయినా, ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గుతున్నా, హిమోగ్లోబిన్ పడిపోతున్నా ఇది చదవడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఛాతీ బిగుసుకుపోయి చెమటలు పడుతుంటే, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే, గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయించుకోండి.

సమస్య: టెస్టు నెగటివ్, లక్షణాలు మాత్రం పక్కాగా ఉన్నాయి

కారణం నూటికి తొంభై సార్లు అని రాయాలనిపిస్తుంది కానీ, లెక్క పెట్టలేదు కాబట్టి చాలాసార్లు అంటాను: గ్యాస్ గోలి, అంటే కడుపులో ఆమ్లం తగ్గించే మాత్ర.

టెస్టుకు ముందు నేను అడుగుతాను, "అంకుల్, మందులేమైనా వాడుతున్నారా?" అని. "ఏం లేవు బేటా" అంటారు. బీపీకి? "అదొక్కటే." కడుపుకి? "కడుపుకేం లేదు." అప్పుడు పక్కనున్న ఆంటీ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, రబ్బరు బ్యాండు వేసిన గోలీల కట్ట తీస్తారు. అందులో సగం ఖాళీ అయిన పాంటోప్రజోల్ స్ట్రిప్. "ఇది పొద్దున పరగడుపున వేసుకుంటారు కదండీ" అని ఆంటీ, "అది మందా? గ్యాస్‌కి కదా" అని అంకుల్. ఆ రోజుకి టెస్టు లేదు.

ఎందుకంత పట్టింపు అంటే, ఈ పరీక్ష పనిచేసే తీరే అలాంటిది. మీకు యూరియా ఉన్న క్యాప్సూలో ద్రవమో ఇస్తాం. కడుపులో హెచ్. పైలోరి ఉంటే, అది తయారు చేసే యూరియేజ్ అనే ఎంజైమ్ ఆ యూరియాను విరగ్గొట్టి అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ యూరియాలోని కార్బన్‌కి ముందే గుర్తు పెట్టి ఉంటుంది కాబట్టి, కాసేపటికి మీరు ఊదిన గాలిలో అది దొరుకుతుంది. ఇప్పుడు రోజూ పాంటోప్రజోల్ పడుతున్న కడుపులో ఆమ్లం తగ్గుతుంది, బ్యాక్టీరియా సంఖ్య తగ్గుతుంది, మిగిలింది కడుపు పైభాగానికి జరుగుతుంది, యూరియేజ్ పని మందగిస్తుంది. బ్యాక్టీరియా పూర్తిగా చావలేదు, పోలీసు జీపు చూసి సందులోకి తప్పుకుంది. మిషన్‌కి కనపడదు, రిపోర్టు నెగటివ్ అంటుంది. గోలి ఆపాక అది మళ్ళీ బయటికొస్తుంది.

మలంలో యాంటిజెన్ (బ్యాక్టీరియా ఆనవాలు) పరీక్షకీ ఇదే చిక్కు. ఎండోస్కోపీలో ముక్క తీసి చేసే యూరియేజ్ పరీక్షకీ ఇదే చిక్కు. "ఎండోస్కోపీయే చేశారు, ఇంకా తప్పెలా వస్తుంది?" అని వాదించేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

అసలు దొంగదెబ్బ ఏమిటంటే, ఆ గోలి కడుపు డాక్టరు రాసింది కాకపోవచ్చు. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ రాసినాయన తోడుగా ఒక గ్యాస్ గోలి రాస్తాడు. పన్ను పీకినాయన యాంటీబయోటిక్‌తో పాటు ఒకటి రాస్తాడు. గుండెకు స్టెంట్ వేసిన డాక్టరు రాసే మందుల్లో అది తరచూ ఉంటుంది. చీటీ లేకుండానే మెడికల్ షాపులో "అన్నా, ఒక గ్యాస్ గోలి" అంటే చేతికొస్తుంది. అందుకని మీకు గుర్తున్నవి చెప్పొద్దు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని రండి.

స్ట్రిప్ వెనక సన్న అక్షరాల్లో ఉన్న పేరు చూడండి, ముందు పెద్దగా ఉన్న బ్రాండు పేరు కాదు. ఓమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్, లాన్సోప్రజోల్: చివర "ప్రజోల్" ఉందంటే ఇదే జాతి. బ్రాండు పేరు పక్కన "డి", "ఎల్" లాంటి అక్షరాలుంటే వాంతులు తగ్గించేదో, కడుపు త్వరగా ఖాళీ చేసేదో ఇంకో మందు కలిపారన్నమాట, ప్రజోల్ మాత్రం అందులో అలాగే ఉంది. వోనోప్రజాన్ కూడా ఆమ్లం తగ్గించేదే, పని చేసే తీరు వేరు, దాన్నీ వీటిలాగే టెస్టుకు ముందు ఆపాలి. ఒక మినహాయింపు: అరిపిప్రజోల్. పేరు కలిసింది గానీ అది మానసిక ఆరోగ్యానికి ఇచ్చే మందు, దాన్ని ఆపకండి.

పరిష్కారం: టెస్టుకు ముందు కనీసం 2 వారాలు ప్రజోల్ గోలీలు ఆపాలి. యాంటీబయోటిక్స్, బిస్మత్ (హెచ్. పైలోరి కోర్సులో కలిపే ఇంకో మందు) అయితే కనీసం 4 వారాలు. జలుబుకి వేసుకున్న అజిత్రోమైసిన్ కూడా యాంటీబయోటిక్కే, దాన్నీ లెక్కలోకి తీసుకోండి. ఇది మీ అంతట మీరు చేసే పని కాదు, రాసిన డాక్టరుకి చెప్పి చేయాలి. ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడేవాళ్ళు, ఈమధ్య అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్ళు గోలి ఆపితే ప్రమాదం. వాళ్ళకి వేరే దారులున్నాయి, ఏది సరిపోతుందో డాక్టరు చూస్తారు.

ఆ రెండు వారాలు గడవడమే కష్టం. నెలల తరబడి అణిచిపెట్టిన ఆమ్లం గోలి ఆపగానే ఎగదన్నుతుంది, మొదటి వారంలో మంట మునుపటికంటే ఎక్కువే ఉండొచ్చు. రోగం ముదిరిందని టెన్షన్ పడి నాలుగో రోజే మళ్ళీ గోలి వేసుకుంటే లెక్క మొదటికొస్తుంది. డైజీన్, జెలూసిల్ లాంటి యాంటాసిడ్లు వాడుకోవచ్చు, టెస్టు రోజున మాత్రం వద్దు. ఆమ్లం తగ్గించే ఇంకో రకం గోలి ఫామోటిడిన్ కూడా కుదురుతుంది, ఒకటి రెండు రోజుల ముందు ఆపితే చాలు, దాన్ని డాక్టరునడిగి తెచ్చుకోండి. ఈనో అంటే సోడియం, బీపీ ఉన్నవాళ్ళు రోజూ తాగే పని పెట్టుకోవద్దు. పరగడుపున ఇరానీ చాయ్, సాయంత్రం మిర్చి బజ్జీ ఆ రెండు వారాలు పక్కన పెట్టండి. రాత్రి తిని వెంటనే పడుకోకండి.

టెస్టు రోజు ల్యాబ్ చెప్పినన్ని గంటలు ఏమీ తినకుండా రండి, సిగరెట్ కూడా వద్దు. గర్భిణులు ముందే చెప్పాలి. యూరియాలో గుర్తు పెట్టిన కార్బన్ సీ-14 రకమైతే కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుంది, వాళ్ళకీ పిల్లలకీ అది చేయం. సీ-13లో ఆ బెడద లేదు.

ఇంకో సంగతి. గోలి వేసుకుంటూ చేయించుకున్న టెస్టు పాజిటివ్ వస్తే దాన్ని దాదాపుగా నమ్మొచ్చు. నమ్మలేనిది నెగటివ్‌నే.

సమస్య: కోర్సు అయిపోయింది, రక్తపరీక్ష ఇంకా పాజిటివ్

అప్పుడే కంగారొద్దు, మీరు తప్పు టెస్టు చేయించారు. హెల్త్ ప్యాకేజీల్లో కలిపి చేసే రక్తపరీక్ష యాంటీబాడీలను, అంటే బ్యాక్టీరియా మీద మన ఒళ్ళు తయారు చేసుకునే రక్షక పదార్థాలను చూస్తుంది. బ్యాక్టీరియా చచ్చిపోయాక కూడా అవి నెలలు, కొందరిలో ఏళ్ళు రక్తంలో ఉంటాయి. తగ్గిందా లేదా అని తేల్చడానికి శ్వాస పరీక్షో, మలంలో యాంటిజెన్ పరీక్షో చేయించాలి, అదీ కోర్సు ముగిసిన 4 వారాల తర్వాతే, పైన చెప్పిన 2 వారాల ఎడంతోనే. కౌంటర్ దగ్గర బిల్లు మీద "స్టూల్ రొటీన్" అని కొట్టారేమో చూసుకోండి. అది వేరే పరీక్ష, దానిలో హెచ్. పైలోరి కనపడదు.

సమస్య: సరైన టెస్టే, సరైన ఎడమే, అయినా మళ్ళీ పాజిటివ్

అయితే బ్యాక్టీరియా నిజంగానే బతికింది. మొదటి అనుమానం, కోర్సు మధ్యలో వదిలేయడం. కోర్సులోని యాంటీబయోటిక్స్‌లో క్లారిత్రోమైసిన్‌తో నోరంతా చేదు, మెట్రోనిడజోల్‌తో వికారం, ఐదో రోజుకి మంట తగ్గేసరికి "ఇక చాలు" అనుకోవడం. ఇప్పుడు సాధారణంగా రాసేది 14 రోజులు, 7 రోజుల కిట్‌తో సరిపెట్టుకోవద్దు. రెండో అనుమానం, మందు పనిచేయకపోవడం. ప్రతి దగ్గుకీ అజిత్రోమైసిన్ మింగిన ఒంట్లో క్లారిత్రోమైసిన్‌కి లొంగని బ్యాక్టీరియా మిగలడం వింతేమీ కాదు, రెండూ ఒకే కుటుంబం మందులు. అందుకే అదే కిట్‌ని మళ్ళీ కొనుక్కోకండి. డాక్టరు మందులు మారుస్తారు, తరచూ బిస్మత్ కలిపిన నాలుగు మందుల కోర్సు ఇస్తారు. బిస్మత్ వాడుతుంటే నాలుక, మలం నల్లబడతాయి, కంగారొద్దు. ఐరన్ గోలీలతోనూ మలం నల్లబడుతుంది. ఈ రెండూ వాడకుండా నల్లబడితే, లేదా వాడుతున్నా జిగటగా తారులా వచ్చి కళ్ళు తిరుగుతుంటే, అది పైన చెప్పిన ఎమర్జెన్సీ.

సమస్య: బ్యాక్టీరియా పోయిందని తేలింది, మంట పోలేదు

ఇక్కడ జనానికి ఓపిక ఉండదు. బ్యాక్టీరియా వారాల్లో పోతుంది, అది రేపిన వాపు మానడానికి నెలలు పడుతుంది. అజీర్తి లక్షణాలు హెచ్. పైలోరి వల్లేనా అని తేల్చడానికి డాక్టర్లు కోర్సు తర్వాత 6 నుంచి 12 నెలలు చూస్తారు. పైగా 14 రోజుల యాంటీబయోటిక్స్ పేగులని కుదిపేస్తాయి, కొన్ని వారాలు ఉబ్బరం, విరేచనాల్లో తేడా మామూలే. గోలి ఆపినప్పటి ఎగదన్నుడు ఇక్కడా ఉంటుంది.

ఈలోగా నొప్పి మాత్రలు చూసుకోండి. కాంబిఫ్లామ్, డైక్లోఫెనాక్ లాంటివి బ్యాక్టీరియా ఉన్నా లేకున్నా కడుపుని కొరుకుతాయి. మంట కడుపులో కాక గొంతులోకి ఎక్కుతుంటే, పడుకుంటే పెరుగుతుంటే, అది రిఫ్లక్స్, అంటే ఆమ్లం పైకి తన్నడం. దానికి బ్యాక్టీరియాతో సంబంధం లేదు, రాత్రి భోజనాన్ని ఎనిమిదింటికి జరపడమే సగం వైద్యం. ఫంక్షన్ హాల్లో పదిన్నరకి బిర్యానీ తిని పదకొండుకి పడుకుంటే ఏ గోలీ కాపాడదు.

ఇవేవీ కాకపోతే ఎక్కువగా మిగిలేది ఫంక్షనల్ డిస్పెప్సియా. ఎండోస్కోపీ బాగుంటుంది, కడుపు మాత్రం బాగుండదు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. మజ్జిగ, రాగి జావ, ఇడ్లీ పడితే అవి, పడకపోతే పడినవి. అందరికీ ఒకే పథ్యం రాసిచ్చేవాళ్ళని నేను నమ్మను. ఏం తిన్న రోజు ఎలా ఉందో ఫోన్‌లో రాసుకుంటే మీ పథ్యం మీకే తెలుస్తుంది. నిద్ర తగ్గితే, ఆఫీసు టెన్షన్ పెరిగితే కడుపు ముందు చెబుతుంది. డాక్టరు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ (డిప్రెషన్‌కి వాడే మందు) రాస్తే "నాకేమైనా పిచ్చా?" అని చీటీ చింపేయకండి, కడుపు నరాల అతి స్పందనని తగ్గించడానికి కూడా ఆ మందు ఇస్తారు. కారం పూర్తిగా మానేస్తే లక్షణాలు కొంత తగ్గొచ్చు, బ్యాక్టీరియా మాత్రం చావదు.

మిగతా కారణాలూ ఉన్నాయి. పిత్తాశయంలో రాళ్ళు (కుడివైపు, కొవ్వు భోజనం తర్వాత పోటు, స్కాన్‌లో తెలుస్తుంది), పాలు పడకపోవడం, జియార్డియా (పేగుల్లో చేరే పరాన్నజీవి), షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వల్ల వచ్చే ఉబ్బరం. అవి ఉన్నాయో లేవో డాక్టరునడిగి తేల్చుకోండి.

"మరి ఇంట్లో అందరికీ టెస్టు చేయించాలా?" అనేది చివరి ప్రశ్న. మన దేశంలో చాలామంది పెద్దవాళ్ళ కడుపులో ఇది చిన్నప్పటి నుంచే ఉంటుంది, వాళ్ళలో చాలామందికి ఏ బాధా ఉండదు. ఇంట్లో ఎవరికైనా లక్షణాలుంటే, అల్సర్ వచ్చి ఉంటే, తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే వాళ్ళని తీసుకురండి. తెచ్చేటప్పుడు గోలీల సంచి కూడా తెండి.