‘వేడి చేసింది’ అనుకోకండి: తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ళకి ఎండాకాలం జాగ్రత్తలు

మా నాన్నకి ఎండీఎస్. పూర్తి పేరు మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్. ఎముకల్లోని మూలుగ రక్తకణాల్ని సరిగా తయారు చేయలేని జబ్బు. మూడేళ్ళుగా మూడు వారాలకోసారి రెండు బ్యాగుల రక్తం ఎక్కిస్తున్నాం. మేముండేది విజయవాడ కాబట్టి ఎండల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మొదటి ఎండాకాలం ఏమీ తెలియక నానా అవస్థలు పడ్డాం. అప్లాస్టిక్ అనీమియా (మూలుగ రక్తకణాల్ని తయారు చేయడం బాగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవాళ్ళకీ ఇందులో చాలా విషయాలు పనికొస్తాయి. మార్చిలోనే చదువుకుంటే మంచిది, ఏప్రిల్ వచ్చాక కొన్ని చేయడం కష్టం.

ముందు దాతల లెక్క

మామూలు రోజుల్లో రక్తం ఎక్కువగా వచ్చేది కాలేజీ క్యాంపుల నుంచి. పరీక్షలయ్యి సెలవులిచ్చేశాక క్యాంపులు తగ్గిపోతాయి. ఎండకి భయపడి మామూలు దాతలు కూడా వెనకాడతారు. రక్తదాతల దినోత్సవం జూన్ 14న. ఆ క్యాంపులు మొదలయ్యేసరికి మన ఏప్రిల్, మే గడిచిపోతాయి. హీరోల పుట్టినరోజు క్యాంపులు మన అవసరాన్ని చూసుకుని రావు కదా.

ఎర్ర రక్తకణాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచినా, బ్యాగులో కలిపే ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులే నిలవుంటాయి. అందుకని ఫిబ్రవరిలో ఎక్కువ సేకరించి మే నెలకి దాచుకోవడం కుదరదు. మనవాళ్ళనే వంతులవారీగా పంపించుకోవాలి. మాకు మూడు నెలలకి ఎనిమిది, తొమ్మిది బ్యాగులు పడతాయి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి మాత్రమే రక్తం ఇవ్వాలి. అంటే ఆ మూడు నెలలకి తొమ్మిది మంది వేర్వేరు మనుషులు కావాలి. వాళ్ళది నాన్న గ్రూపే అవ్వాలని లేదు. బదులు రక్తానికి, అంటే మనం తీసుకున్న బ్యాగుకి బదులుగా బ్లడ్ బ్యాంకుకి ఇచ్చేదానికి, ఏ గ్రూపైనా తీసుకుంటారా అని మీ బ్లడ్ బ్యాంకులో ముందే అడగండి, మా దగ్గర తీసుకుంటారు. దాతల్ని పొద్దున్నే, టిఫిన్ తినిపించి, నీళ్ళు తాగించి పంపండి. మిట్టమధ్యాహ్నం ఖాళీ కడుపుతో వెళ్ళి కళ్ళు తిరిగి పడిపోయినవాడు మళ్ళీ ఆ వైపు రాడు.

మా తమ్ముడు ‘నా రక్తమే నాన్నకి ఎక్కించండి’ అని పట్టుబట్టాడు. మనసు మంచిదే కానీ వద్దు. దగ్గరి రక్తసంబంధీకుల రక్తం ఎక్కిస్తే అందులోని తెల్లకణాలు రోగి శరీరం మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. అది అరుదే గానీ ప్రాణాంతకం. తప్పనిసరైతే ఆ రక్తాన్ని ఇర్రేడియేషన్ చేశాకే, అంటే రేడియేషన్‌తో ఆ తెల్లకణాల్ని పనిచేయకుండా చేశాకే ఎక్కించాలి. బోన్ మ్యారో మార్పిడికి వెళ్ళబోయేవాళ్ళకైతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అసలు ఇవ్వకూడదు. రేపు మూలుగ ఇవ్వాల్సింది వాళ్ళే కావచ్చు, ఈ రక్తం వల్ల అది అతక్కుండా పోవచ్చు. తమ్ముడి చేత బదులు రక్తం ఇప్పించాం. అది ఇంకెవరికో వెళ్ళింది.

స్టాకు ఎక్కడుందో ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-రక్తకోశ్‌లో చూడొచ్చు. రెడ్ క్రాస్ వాళ్ళ నంబరు కూడా ఫోన్‌లో పెట్టుకోండి. డబ్బిస్తే రక్తమిప్పిస్తామని ఆసుపత్రి గేటు దగ్గర ఎవరైనా మాట కలిపితే పక్కకి తప్పుకోండి. సుప్రీంకోర్టు 1996 తీర్పు తర్వాత 1998 నుంచి మన దేశంలో డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం నిషేధం.

బ్యాగు తెచ్చుకునేటప్పుడు

మా మొదటి మే నెలలో ఆసుపత్రివాళ్ళు బయటి బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చుకోమన్నారు. అక్కడ బ్యాగుని పాలిథిన్ కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. స్కూటర్ హుక్కుకి తగిలించుకుని బయల్దేరి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. వార్డుకి చేరేసరికి కవరు లోపలంతా చెమ్మ. సిస్టర్ బ్యాగుని అరచేతిలో పెట్టుకుని చూసి, ‘వెచ్చగా ఉందండీ, ఇది ఎక్కించకూడదు’ అంది. ఎంత బతిమాలినా వినలేదు. ఆ రోజు ఆవిడ మీద చాలా కోపం వచ్చింది గానీ ఆవిడ చేసిందే కరెక్టు. వేడికి కణాలు పగులుతాయి, బ్యాక్టీరియా పెరుగుతుంది.

అప్పటి నుంచీ ఒక థర్మోకోల్ డబ్బా, రెండు ఐస్ ప్యాకులు మా ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంటాయి. ఐస్ ప్యాకు బ్యాగుకి నేరుగా తగలకూడదు, మధ్యలో మందపాటి టవల్ వేయాలి. గడ్డకట్టినా కణాలు పగిలిపోతాయి. రెండు బ్యాగులూ ఒకేసారి తేవద్దు. మొదటిది అవుతుండగా రెండోదానికి వెళ్ళండి. బయటికి తీసిన అరగంటలోపు ఎక్కించడం మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లోపు అయిపోవాలి. ఇంట్లో ఫ్రిజ్‌లో దాచడం, వేడినీళ్ళలో పెట్టి చల్లదనం పోగొట్టడం చేయకండి.

ఒక చిన్న మాట. పేరు, గ్రూపు, బ్యాగు నంబరు, గడువు తేదీ సిస్టర్‌తో పాటు మీరూ చదవండి. మా వార్డులో ఒకసారి ఒకే పేరున్నవాళ్ళు పక్కపక్క మంచాల్లో ఉన్నారు!

ఎక్కించే రోజు, ఆ తర్వాత

మొదటి పదిహేను నిమిషాలు పక్కనే కూర్చోండి, ఫోన్ చూడకండి. చలి, వణుకు, నడుం నొప్పి, దురద, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా వెంటనే సిస్టర్‌ని పిలవాలి. పెద్దవాళ్ళలో గుండె బలహీనంగా ఉంటే రక్తం వేగంగా ఎక్కించినా ఆయాసం వస్తుంది. అందుకే ఒక్కో బ్యాగు నెమ్మదిగా ఎక్కిస్తారు. ‘తొందరగా ఎక్కించండమ్మా, ఎండ ముదరకముందే ఇంటికెళ్ళాలి’ అని మనం తొందరపెట్టకూడదు. తెల్లకణాలు వడగట్టిన రక్తం ఇవ్వమని ముందే అడిగితే చలిజ్వరాలు చాలావరకు తగ్గుతాయి. ధర కొంచెం ఎక్కువ.

ఎక్కువమంది పట్టించుకోనిది ఆ తర్వాత వచ్చే ప్రమాదాన్నే. రక్తం ఎక్కించిన మూడు రోజుల నుంచి రెండు వారాల లోపు మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, కళ్ళు పచ్చబడినా, హిమోగ్లోబిన్ పెరగాల్సింది పోయి పడిపోయినా, ఎక్కించిన కణాల్ని శరీరం విరగ్గొడుతోందేమో అని అనుమానించాలి. ఎండాకాలంలో మనింట్లో ఏమంటారు? ‘వేడి చేసింది, సబ్జా నీళ్ళు తాగు.’ మా అమ్మా అదే అంది. రెండు రోజులు ఆగాం. మూడోరోజు హిమోగ్లోబిన్ 6.1. నాన్న శరీరం ఎక్కించిన రక్తకణాల మీద తిరగబడే ఒక యాంటీబాడీ తయారు చేసుకుందని అప్పుడు తెలిసింది.

ఇలాంటి యాంటీబాడీలు కొన్నాళ్ళకి పరీక్షలో కనపడకుండా పోతాయి. కానీ ఆ తరహా రక్తం మళ్ళీ ఎక్కితే తిరగబడతాయి. అందుకే ఒక కార్డు రాసి రోగి జేబులో పెట్టండి. జబ్బు పేరు, గ్రూపు, యాంటీబాడీ పేరు, ఎలాంటి రక్తం కావాలో, వాడే మందులు, డాక్టర్ నంబరు అందులో ఉండాలి. వేసవి సెలవులకి వేరే ఊరు వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరుకి అదే ఆధారం.

ముక్కులోంచి రక్తం కారినా అంతే, ‘వేడి’ అనేసి వదిలేయకండి. ప్లేట్‌లెట్లు తగ్గాయేమో చూడాలి. ఒంటినొప్పులకి ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి వద్దు. జ్వరం విషయంలో ఇంకా గట్టిగా చెప్తాను. తెల్లకణాలు తక్కువున్నవాళ్ళకి 100.4 దాటిందంటే ఎమర్జెన్సీనే. ‘డోలో వేసి చూద్దాం’ అనుకుంటే జ్వరం కనపడకుండా పోతుంది గానీ ఇన్ఫెక్షన్ పోదు. థర్మామీటరు పెట్టి చూసి, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్ళండి.

ఐరన్ సంగతి

పక్కింటి పిన్నిగారు ప్రేమగా ఖర్జూరం సిరప్, ఐరన్ టానిక్ తెచ్చిచ్చారు. రక్తం తక్కువైతే ఐరన్ ఇవ్వాలని అందరి నమ్మకం. మనకి మాత్రం అది విషం లాంటిది. ఒక్కో బ్యాగులో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. శరీరం రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములకి మించి బయటికి పంపలేదు. మా లెక్కన ఏడాదికి 34 బ్యాగులు, అంటే సుమారు ఏడు నుంచి ఎనిమిదిన్నర గ్రాములు. మామూలు మనిషి ఒంట్లో మొత్తం ఉండేదే మూడు, నాలుగు గ్రాములు. మిగిలింది గుండెలో, లివర్లో పేరుకుపోతుంది. సుమారు 20 బ్యాగులయ్యాక, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 1000 దాటుతున్నప్పుడు, ఐరన్ దించే మందు మొదలుపెట్టాలా అని డాక్టర్లు చూస్తారు. దానిమ్మ, బీట్‌రూట్ మామూలుగా తింటే ఫర్వాలేదు, టానిక్కులే వద్దు.

ఆ మందు ఎక్కువమందికి డెఫెరాసిరాక్స్ మాత్ర. ఎండాకాలంలో దీనితోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇది కిడ్నీల మీద భారం వేస్తుంది. వాంతులో, విరేచనాలో అయ్యి ఒంట్లో నీరు తగ్గినప్పుడు దీన్ని అలాగే వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినొచ్చు. అలాంటి రోజు మాత్ర వేసేముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. నెలనెలా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), లివర్ పరీక్షలు, ఏడాదికోసారి కంటి, చెవి పరీక్షలు మానకండి. మా నాన్న మాత్రని గ్లాసు నీళ్ళలో కరిగించి, చివర్లో గ్లాసు అడుగున మిగిలే తెల్లటి పొడిని కూడా కాసిని నీళ్ళు పోసి తిప్పి తాగేస్తారు. రుచికి మొహం చిట్లించని రోజు లేదు.

తిండి గురించి పెద్దగా చెప్పేది లేదు. బండి మీద కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలు, ఐస్ వేసిన చెరుకు రసం వద్దు. కాయ తెచ్చుకుని ఇంట్లో కడిగి కోసుకోండి. నీళ్ళు ఎంత తాగాలో గుండె జబ్బున్నవాళ్ళు డాక్టర్నే అడగాలి.

పెళ్ళిళ్ళు ఉంటే తేదీలు చూసుకుని రెండు మూడు రోజుల ముందే ఎక్కించుకోండి. హిమోగ్లోబిన్ 7కి దిగేదాకా ఆగి, మే నెల మండుటెండలో బస్సెక్కడం నాన్న ఒకసారి చేసి చూశారు. మళ్ళీ చేయరు.

వానలు మొదలయ్యాక డెంగీతో ప్లేట్‌లెట్లకి గిరాకీ పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిలవుంటాయి కాబట్టి వాటికి దాతల లిస్టు విడిగా రాసుకోవాలి. మా పుస్తకంలో ఈ ఏడాది వేసవికి తొమ్మిది పేర్లు కావాలి. ఆరు కుదిరాయి. ఏడోవాడు మా తమ్ముడి ఫ్రెండు, ఫోన్ ఎత్తట్లేదు, సాయంత్రం ఇంటికే వెళ్ళాలి.